తలుపు ఊడదీయించిన ఖమరక్క

ఖమరక్క ఇక లేదన్న వార్త నాకు మొదట చెప్పినవాడు పుంగనూరు చింతపండు మండీలో మూటలు మోసే వెంకటరమణప్ప. ప్రతి మంగళవారం పొద్దున్నే ఒక మూట తెచ్చి మా ముందుగదిలో దించిపోవడం ఆయనకు తొమ్మిదేళ్ళ అలవాటు. ఆ మంగళవారం కూడా వచ్చాడు. వచ్చి, మూట దించకుండా, భుజం మీద అట్లే పెట్టుకొని గడపకు అవతలే నిలబడ్డాడు. నేను దేవుడి ముందు దీపం వెలిగించి, అగ్గిపెట్టె చేతిలో ఉండగానే బయటికి వచ్చాను.

"ఏమప్పా, దించలేదేంది?" అన్నాను.

"దించాల్నా వద్దా అని సూస్తాండానమ్మా" అన్నాడు. "ఖమరమ్మ పోయినాదంట. తెల్లారే నమాజుకు లేసి, కాళ్ళూ మొగం కడుక్కోని కూర్చున్నాదంట. కూర్చున్న చోటే అట్లే ఒరిగిపోయినాదంట. మదనపల్లి నుంచి మండీకి ఫోనొచ్చినాది. నీకు చెప్పేకి ఎవురికీ నోరు రాల్యా. యాడికైనా నేను మూట మోసుకోని రావాల గదా, నేనే చెప్తానంటి."

కన్నీరు రాలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అబద్ధం రాయలేను: ఆ క్షణంలో నాకు ముందుగా తోచింది అక్క ముఖం కాదు, గురువారం. ఇంక రెండు రోజులకు గురువారం. కుప్పం దగ్గర ఒక కోళ్ళఫారం గేటు పక్కన, చంటిబిడ్డను రొమ్ముకు అదుముకొని ఒక తల్లి అక్క కోసం నిలబడి ఉంటుంది. అక్క రాకపోతే ఆ తల్లికి, ఆ బిడ్డకు ఏమవుతుందోనన్న భయం పట్టుకుంది. అది ఈ పూటకీ పోలేదు.

రాతలో ఆమెను 'ఖమరున్నీసా గారు' అనే అనాలి. మదనపల్లెలో రవికెలు కుట్టి బిడ్డలను సాకిన ఒక తల్లికి పెద్ద కూతురు. నర్సు చదువు చదివి కువైట్‌లోని ఒక ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళు సేవచేసి, తిరిగివచ్చిన తరువాత మానసిక వైద్యంలో కౌన్సిలింగ్ విద్యను అభ్యసించి పట్టా పుచ్చుకున్న విదుషి. అంతటి మనిషిని ఏకవచనంలో రాయడం మర్యాద కాదు. కానీ 'గారు' అంటే ఆమెకు గిట్టదు. "గారు అంటే ఇంకెవురో వచ్చినారనుకోని ఎనక్కి తిరిగి సూస్తాను బేటీ" అనేది. అందుకే అక్క అనే రాస్తున్నాను. చదివే పెద్దలు మన్నించాలి.

పొట్టకూటి కోసం ఊరు విడిచిన కుటుంబాల ఆడవాళ్ళ భయాలు వినడమే అక్క జీవితవ్రతం. మన పల్లెల నుంచి కువైట్‌కు పోయి వచ్చినవాళ్ళు కొందరు; ఎక్కడో ఒడిశా నుంచి, నేపాల్ నుంచి మన కుప్పం చుట్టుపక్కల గ్రానైటు పనికీ, కోళ్ళఫారాల పనికీ వచ్చినవాళ్ళు కొందరు. సోమవారం మదనపల్లె, మంగళవారం పుంగనూరు, గురువారం కుప్పం. ఈ మూడు ఊళ్ళ మధ్య ఆర్టీసీ బస్సుల్లో ఆమె తిరిగిన తిరుగుడు ఒక తపస్సు అంటే అతిశయోక్తి కాదు.

ఈ వ్రతానికి బీజం కువైట్‌లో పడిందని చెప్పేది. రామసముద్రం తట్టు నుంచి ఇంటిపనికి పోయిన ఒకామెను యజమానులు ఆసుపత్రిలో దించిపోయారట. ఒంట్లో ఏ రోగమూ కనబడదు, మాట మాత్రం లేదు. డాక్టరు తెలుగు తెలిసిన మనిషిని పక్కన పెట్టుకొని ఎదురుగా కూర్చుని అడిగితే నేల చూసేది. పదకొండు రోజులు అట్లే. పన్నెండో రోజు అక్క ఆమె తలకు నూనె పెట్టి చిక్కు తీస్తుంటే, "మెల్లిగా మే, నొస్తాండాది" అందట. అదే ఆమె మొదటి మాట. ఆ సాయంత్రానికి అంతా చెప్పుకొని ఏడ్చిందట. "మన ఆడోళ్ళకు మొగానికి మొగం పెట్టి అడిగితే మాట రాదు భాగ్యా. చేతికేందో ఒక పనుండాల. కండ్లు ఇంకో తట్టుండాల" అని అక్క నాకు వంద సార్లయినా చెప్పి ఉంటుంది.

ఆ సంగతి తెలిసిన మనిషే, పుంగనూరుకు వచ్చిన కొత్తలో ఒక పెద్ద తప్పు చేసింది. ఆ తప్పును దాచమని ఆమె ఏనాడూ అడగలేదు. పైగా కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా ముందు అదే చెప్పేది. కాబట్టి నేనూ చెబుతాను.

అక్కకు గది కావలసి వచ్చినప్పుడు మా ముందుగది ఖాళీగా ఉంది. అది మా నాయన గది. చిన్నప్పుడు నాకు మూర్ఛలు వచ్చేవి కాబట్టి బడికి పంపడానికి అమ్మ భయపడింది. నాయన ఆ గదిలోనే నన్ను కూర్చోబెట్టుకొని తెలుగూ కన్నడమూ చదివించాడు. పక్కింటి ఆడపిల్లలతో ఆడుకొని వాళ్ళ ఉర్దూ వంటబట్టింది. నాయన పోయాక ఆ గదికి తాళం పెట్టాను. అక్క వచ్చి, "నీకు మూడు నాలుగు భాషలొస్తాయంట గదా. గదితో పాటు నువ్వు కూడా కావాల" అంది. భగవంతుడు మనిషి రూపంలో వచ్చి పని చెబుతాడని నాయన చెప్పేవాడు. నేను తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

మొదటి మంగళవారం ఒక అత్త తన కోడలిని పిలుచుకొని వచ్చింది. అత్త పేరు చెంగమ్మ. కోడలి పేరు మార్చి రాణెమ్మ అంటాను. రెండేళ్ళు కువైట్‌లో పనిచేసి వచ్చిన పిల్ల. వచ్చినప్పటి నుంచి నిద్ర లేదు, తిండి లేదు, మొగుడు దగ్గరికి వస్తే వణుకు. కౌన్సిలింగ్ చదువులో నేర్పినట్టు, చెప్పేది మూడో చెవికి పోకూడదని అక్క నన్నూ చెంగమ్మనూ బయట కూర్చోబెట్టి, తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

ఆ గొళ్ళెం పడిన చప్పుడుకు రాణెమ్మ పెట్టిన కేక మనిషి కేకలా లేదు. తలుపు తీసేసరికి గోడకు వీపు ఆనించి, కొంగు నోట్లో కుక్కుకొని, చీర తడిసిపోయిన సంగతి కూడా తెలియకుండా నిలబడి ఉంది. చెంగమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఈడ్చుకుంటూ పోయింది. పోతూ పోతూ వీధిలో నిలబడి, "బాగు సేస్తారనుకోని వస్తే ఇంగా పిచ్చి పట్టించినారే! మీ సదువులు కాల!" అని తిట్టిన తిట్లు అన్ని వాకిళ్ళకూ వినబడ్డాయి.

అక్క ఆ గోడ దగ్గరే కింద కూర్చుండిపోయింది. "పద్దెనిమిదేండ్లు ఉంటిని ఆడ. బయట నుంచి గొళ్ళెం పెట్టిన రూముల కతలు ఎన్ని ఇంటిని! మళ్ళా నా చేత్తోనే పెడితినే భాగ్యా" అని తల బాదుకుంది. నేను నీళ్ళ చెంబు పట్టుకొని నిలబడ్డాను.

మరుసటి రోజు పొద్దున్నే వడ్రంగిని వెంటబెట్టుకొని వచ్చింది. "ఈ తలుపు ఊడదీయాల. ఇది మీ నాయన తలుపు. నువ్వు వద్దంటే వద్దు" అంది. మా నాయన ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి, ఆ తలుపుకు తన చేత్తో బొట్టు పెట్టేవాడు. ఒంటరి ఆడదాన్ని, వీధిగదికి తలుపు లేకుండా ఎట్లా బతకాలి?

"నాకు భయంగా ఉండాదక్కా" అన్నాను.

"నాకూ ఉండాది" అంది అక్క. "ఇద్దరికీ ఉండాది కాబట్టి ఒకరికొకరం కావలుందాం."

ఊడదీయించాం. నడవకు ఇంకో తలుపు ఉంది కాబట్టి నా ఇల్లు నాకు భద్రంగానే మిగిలింది. ఊడదీసిన తలుపు మూడు నెలలు గోడకు ఆనుకొని ఉంది. రాణెమ్మ రాలేదు. ఆమె కోసం అక్క వాళ్ళ వీధికి పోయిన ప్రతిసారీ చెంగమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడేది. నాలుగోసారి నేనూ పక్కన ఉన్నాను.

"మల్లా వచ్చినావా? ఇంట్లో చింతపండు కొట్టేకి మనిసి లేక నేను సస్తాండాను. ఈమెను తీసకపోయి ఆడ కూర్చోబెట్టి కతలు సెప్పుకుంటారా?" అంది చెంగమ్మ.

అక్క వెంటనే అందుకుంది. "అయితే మూట కూడా పంపించు. ఆడే కొడ్తాది. నేనూ కొడ్తాను. నువ్వూ రా."

"నేనేంటికి?"

"నేను పని ఎగ్గొడ్తానేమో సూసేకి."

చెంగమ్మకు నవ్వు వచ్చింది. దాచుకోవాలని చూసింది కానీ వచ్చేసింది. ఆ మంగళవారం మూట వచ్చింది, కోడలు వచ్చింది, కావలికి చెంగమ్మ కూడా వచ్చింది. కొట్టడానికి చదునైన చోటు లేకపోతే అక్క ఆ తలుపును ఇటుకల మీద అడ్డంగా పరిచింది. దాని చుట్టూ నలుగురం కూర్చుని, పెంకు రాల్చి, నార తీసి, చిన్న సుత్తులతో గింజ కొట్టాం. ఆ చెక్క మీద సుత్తి దెబ్బలు ఎంత మోత అంటే, ఒకరి చెవిలో చెప్పిన మాట ఇంకో మనిషికి వినబడదు. వీధికైతే అసలే వినబడదు.

నాలుగో వారం, ఆ మోతలో, చూపు చింతపండు మీదే పెట్టుకొని రాణెమ్మ మాట్లాడింది. అక్క చెవికి మాత్రమే. ఏం చెప్పిందో నాకు తెలియదు. అక్క చేయి ఆగలేదు, ముఖం తిరగలేదు. తల మాత్రం ఊపుతూ ఉంది.

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి అయింది. ఒకరు చెబుతుంటే తక్కినవాళ్ళు కొడుతూ ఉండాలి. ఎవరైనా కొట్టడం ఆపి చెవి పెడితే అక్క కళ్ళజోడు మీదుగా చూసేది. "ఏం మే, చేయి నిలిచిపోయింది? చెవులు పెరుగుతాండాయా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు, మళ్ళీ మోత మొదలయ్యేది. ఇంట్లో ఎవరూ 'పిచ్చి డాక్టరు దగ్గరికి పోతాండావా' అని అడగరు. చింతపండు పనికి పోతున్నారు, అంతే. పండు లేని నెలల్లో చెనక్కాయలు వలిచేవాళ్ళం. వలిచే పనికి మోత ఉండదు కాబట్టి ఆ కాలంలో చెప్పేవాళ్ళూ తగ్గేవాళ్ళు.

తనకు గాలి సోకిందని వచ్చిన ఒకామెను అక్క అడిగిన తీరు చూసి నేను నివ్వెరపోయాను. "ఏ తట్టు నుంచి వస్తాది ఆ గాలి? పొద్దునా, మాపునా? వచ్చినప్పుడు నువ్వు ఏం చేస్తావుంటావు?" అని ఇరుగుపొరుగు మనిషి గురించి అడిగినట్టు అడిగింది. ఆమె పోయాక నేను, "నువ్వు గాలిని నమ్ముతావాక్కా?" అన్నాను. "నేను నమ్మేది నాకు. ఆమె భయం ఆమెకు. భయం నిజమే గదా, దాన్ని అబద్ధమని ఎట్లా అంటాను?" అంది. ఆమె కోరిన దేవతకు దీపం పెట్టే పని నాకు అప్పగించి, మదనపల్లెలో మనసు డాక్టరు దగ్గరికి ఆమెను తానే పిలుచుకుపోయి మాత్రలు రాయించింది. "దీపం నీది, మాత్ర డాక్టరుది. ఈ రెండింటికీ నడుమ ఇరుకు సందు ఒకటుండాదే, ఆడ నిలబడేది నేను" అనేది.

అక్కకు లోపాలు లేవని రాస్తే ఆమే పైనుంచి కోప్పడుతుంది. ముక్కు మీద కోపం. బల్లి కనబడితే చిన్నపిల్లలా మంచం ఎక్కి అరిచేది. బస్సులో కూర్చున్న మరుక్షణం నోరు తెరుచుకొని నిద్రపోయి నా భుజం మీద పడేది. పలమనేరు వచ్చిందని లేపితే, "నిద్ర పోలేదు, కండ్లు మూసుకోని ఆలోచిస్తాండా" అని గదిమేది. అందరి మాత్రలూ గుర్తు పెట్టుకొని ఫోను చేసి అడిగే మనిషి, తన బీపీ మాత్ర మాత్రం వారానికి రెండు సార్లయినా మరిచిపోయేది. అడిగితే మాట మార్చేది. ఇంకా గట్టిగా అడిగి ఉండవలసింది. ఈ బాధ నాకు మిగిలిపోయింది.

ఇక ఆ గురువారపు తల్లి సంగతి.

ఆమెను సావిత్రి అనుకుందాం. నేపాల్ నుంచి వచ్చిన కుటుంబం. భర్త కుప్పం దగ్గర ఒక కోళ్ళఫారంలో కావలి. అతన్ని అందరూ 'బహదూర్' అనే పిలుస్తారు. అసలు పేరేమిటని ఆ ఫారంలో మొదట అడిగింది అక్కే. వాళ్ళకు ఆడబిడ్డ పుట్టింది. పుట్టిన కొన్ని వారాలకే సావిత్రి బిడ్డను కింద పెట్టడం మానేసింది. ఎవరి చేతికీ ఇవ్వదు. కూర్చునే కునుకుతుంది, ఉలిక్కిపడి లేస్తుంది. ఫారంలో పనిచేసే ఆడవాళ్ళు దయ్యం అన్నారు, భర్త ముందు నాటకం అన్నాడు, తరువాత భయపడ్డాడు. అతనే అక్కకు ఫోను చేశాడు.

మొదటి గురువారం మేము పోయినప్పుడు ఆమె మా వైపు చూడలేదు. నాకు వచ్చిన ఉర్దూ, ఆమెకు వచ్చిన హిందీ ఒకదానికొకటి అందుతాయి కాబట్టి మధ్యలో నేను. అక్క ఆమె మనసులో ఏముందని అడగలేదు. "మీ ఊర్లో అయితే ఈ పొద్దు నీ పక్కన ఎవురెవురు కూర్చోనుంటారు?" అని అడగమంది. అడిగాను. ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది. అమ్మ, పెద్దమ్మ, ఎండలో కూర్చోబెట్టి తనకూ బిడ్డకూ నూనె రుద్దే ముసలామె. మూడు వేళ్ళు మడిచి, నాలుగో వేలు దగ్గర ఆగి, ఏడ్చింది. అప్పుడు చెప్పింది అసలు మాట: "నా చేతులంటే నాకు భయం. ఈ చేతులు బిడ్డను ఏమైనా చేస్తాయేమో. అందుకే రెండు చేతులూ బిడ్డ మీదే పెట్టి పట్టుకున్నాను, అవి వేరే పని చేయకుండా."

ఆ మాటను తెలుగులోకి తిప్పి చెప్పాను. అక్క ముఖంలో భయం కనబడలేదు. "ఇట్లా భయపడే తల్లులు చానామంది ఉండారని చెప్పు. ఇది చెడ్డతనం కాదు, రోగం. మందు ఉండాదని చెప్పు. చెప్పినందుకు మెచ్చుకున్నానని కూడా చెప్పు" అంది. ఆ మరుసటి రోజే భర్తను తోడు పెట్టి డాక్టరుకు చూపించింది. మాత్రలు మొదలయ్యాయి. తల్లీబిడ్డలను ఒంటరిగా వదలవద్దని భర్తతోనూ, పక్క గదిలోని కుప్పం ఆమెతోనూ ఒట్టు వేయించుకుంది.

కానీ సావిత్రి గుండెలో ఇంకో ముల్లు ఉంది. వాళ్ళ ఆచారం ప్రకారం పదకొండో రోజు తండ్రి బిడ్డ చెవిలో పేరు చెప్పి, బిడ్డకు సూర్యుణ్ణి చూపించాలట. ఇక్కడ చేయించే పెద్దలు లేక ఆ రోజు దాటిపోయింది. పేరు లేని బిడ్డను ఏదో వచ్చి ఎత్తుకుపోతుందని ఆమె భయం. అక్క నా వైపు తిరిగి, "నువ్వు దేవుళ్ళ మనిసివి గదా, నువ్వు చెప్పు. నేను ఏం చెప్పినా తురకామె చెప్పినట్టుంటాది" అంది. వాళ్ళ ఆచారం నాకేం తెలుసు? చివరికి, "మా ఇంట్లో ఎప్పుడైనా పొద్దెక్కి దీపం పెట్టినా దేవుడు వద్దనలేదు. మీ బిడ్డకు ఆలస్యంగా పేరు పెట్టినా వద్దనడు" అన్నాను. సావిత్రి నా ముఖం వెతికి చూసి, మెల్లగా తల ఊపింది.

భర్త ఊరికి ఫోను చేసి వాళ్ళ పెద్దలను అడిగి తెలుసుకున్నాడు. తరువాతి గురువారం పొద్దున, కోళ్ళ షెడ్ల వెనక ఎండలో, అతను బిడ్డ చెవిలో పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అక్క తల నిండా కొంగు కప్పుకొని, ఒక పక్కగా నిలబడి, రెండు చేతులూ ఆకాశానికెత్తి తన ప్రార్థన తాను చేసుకుంది. అది అయిన తరువాత సావిత్రి మొట్టమొదటి సారి బిడ్డను వేరే ఒడిలో పెట్టింది. అక్క ఒడిలో. పెట్టి, పక్కనే నేల మీద పడుకొని గంటసేపు నిద్రపోయింది.

అప్పటి నుంచి ప్రతి గురువారం ఆ గంట ఆమెది. అక్క కాళ్ళు తిమ్మిరెక్కినా కదిలేది కాదు. "బిడ్డకు అన్నం ముట్టించే దినం దాకా వస్తాను. ఆ దినం అన్నం నువ్వు పెట్టాల, నీ చేత్తో" అని సావిత్రికి మాట ఇచ్చింది. వాళ్ళలో ఆడబిడ్డకు ఐదో నెలలో అన్నం పెడతారట. ఇంక ఐదు గురువారాలే మిగిలాయి. అంతలోనే ఆ మంగళవారం వచ్చింది.

ఆ మధ్యాహ్నానికి మదనపల్లె చేరాను. అక్క ముఖం చూశాను. బస్సులో నా భుజం మీద పడుకున్నప్పటి ముఖమే. నోరు మాత్రం మూసి ఉంది. మగవాళ్ళు ఎత్తుకొని పోయాక ఆడవాళ్ళం వీధి చివర దాకా నడిచి నిలబడ్డాం. రాణెమ్మ నా చెయ్యి పట్టుకొని ఉంది. చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "నా మాటలన్నీ పడినాదే తల్లి, ఒక్క మాట ఎదురు అనల్యా" అని గొణుగుతూనే ఉంది.

బుధవారం మంగళవారాల ఆడవాళ్ళందరూ మా ముందుగదికి వచ్చారు. తలుపు చుట్టూ కూర్చున్నారు. వెంకటరమణప్ప చివరికి దించిపోయిన మూట పక్కనే ఉంది. ఎవరూ సుత్తి పట్టుకోలేదు. గదిలో అంత నిశ్శబ్దం ఆ తొమ్మిదేళ్ళలో నేను వినలేదు. వీధిలో పోయే ఆటో చప్పుడు, పాలక్యాను మూత చప్పుడు కూడా వినబడుతున్నాయి. మా మాటలూ వీధికి అట్లే వినబడతాయి కాబట్టి ఒక్కరూ నోరు తెరవలేదు. మళ్ళీ అందరి గొంతులూ మూతపడిపోతున్నాయని నాకు అనిపించింది.

మూట విప్పింది చెంగమ్మ. "ఏమే, అట్లా సూస్తా కూర్చుంటే గింజలు వాటంతటవే ఊడొస్తాయా?" అని మొదటి దెబ్బ వేసింది. ఏడుస్తూనే కొట్టింది. తరువాత రాణెమ్మ. తరువాత అందరూ. ఆ మోతలో ఎవరికి వాళ్ళం ఏడ్చుకున్నాం. పక్క మనిషి ఏడుపు పక్క మనిషికి వినబడలేదు.

గురువారం కుప్పం బస్సు ఎక్కాను. పక్క సీటు ఖాళీగా ఉంటే నా సంచి పెట్టుకున్నాను. దారి పొడుగునా దైవనామం తలచుకుంటూనే ఉన్నాను, అయినా భయం పోలేదు. నాకు పట్టా లేదు. బడికే పోని దాన్ని. పక్కన నిలబడి మాటలు తిప్పి చెప్పడం తప్ప నాకు తెలిసిందేముంది? నా నోటి నుంచి ఒక మాట తప్పుగా వస్తే ఆ చేతులు ఏం చేస్తాయో! ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా సీటు ముందున్న కమ్మీని గట్టిగా పట్టుకున్నాను.

సావిత్రి గేటు దగ్గరే ఉంది. నన్ను చూసింది, నా వెనక చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "ఆపా?" అంది, అక్కను తాను పిలిచే పిలుపుతో.

ఒంట్లో బాగాలేదు, వచ్చే వారం వస్తుంది అని చెబుదామని బస్సులో అనుకున్నాను. కానీ భయపడే మనిషికి అబద్ధం చెప్పకూడదని అక్క నియమం. "ఒక్క అబద్ధం దొరికితే మనం చెప్పిన నిజాలన్నీ కూడా పోతాయి" అనేది. "ఆపా చనిపోయింది సావిత్రీ. ఇంక రాదు. నేను వస్తాను" అన్నాను.

ఆమె ఏడవలేదు. అక్కడే మట్టిలో కూర్చుంది. చేతులు బిడ్డ చుట్టూ బిగిశాయి, బిడ్డ కెవ్వుమంది. భర్త పరుగున వచ్చాడు. నేను ఎదురుగా కూర్చోకుండా, అక్క కూర్చున్నట్టే, పక్కన భుజానికి భుజం తగిలేలా కూర్చున్నాను. ఏమి అడగాలో తోచక, అక్క అడిగేదే అడిగాను: "పొద్దున ఏం తిన్నావు?"

ఏమీ తినలేదు. మాత్ర వేసుకుందా అంటే వేసుకుందని భర్త చెప్పాడు. అతను అన్నం, పప్పు తెచ్చాడు. బిడ్డను వదలదు కాబట్టి నేనే కలిపి ముద్దలు పెట్టాను. నాలుగు తిన్నది. తిని, నా ఒడి వైపు చాలాసేపు చూసింది. బిడ్డను ఇస్తుందేమోనని నేను కాళ్ళు మడిచి సిద్ధంగా కూర్చున్నాను. ఇవ్వలేదు. బిడ్డను తన ఒడిలోనే ఉంచుకొని, ఒక చిన్న పాదం మాత్రం దుప్పటిలోంచి బయటికి తీసి నా అరచేతిలో పెట్టింది. పెట్టి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. పది నిమిషాలు నిద్రపోయింది. ఆ పది నిమిషాలూ నేను ఆ పాదాన్ని పట్టుకొని, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చున్నాను. బొటనవేలంత మడమ. వెచ్చగా ఉంది.

ఆ సాయంత్రం డాక్టరుకు ఫోను చేసి అంతా చెప్పాను. ఆమెను మళ్ళీ చూశారు, మాత్ర మార్చారు. తరువాతి మూడు గురువారాలూ పోయాను. ఇప్పటికీ బిడ్డను నా ఒడిలో పెట్టలేదు. పాదం మాత్రం ఇస్తోంది. పోయిన వారం రెండు పాదాలూ ఇచ్చింది.

ఖమరక్క వంటి మనిషిని ఈ మూడు ఊళ్ళూ మళ్ళీ చూస్తాయన్న ఆశ నాకు లేదు. ఆమె నిలబడిన ఆ ఇరుకు సందులో ఎవరు నిలబడగలరు? నాకు అక్షరం నేర్పింది మా నాయన. ఆయన తలుపు దేనికి పనికివస్తుందో చూపించింది అక్క. ఆ ఇద్దరి ఋణమూ తీరేది కాదు. ఆమె ఆత్మకు ఆ దయామయుడు తన సన్నిధిలో చల్లని చోటు ఇచ్చి ఉంటాడని నా విశ్వాసం. మంగళవారాల మోత ఆగదని మాత్రం చెప్పగలను, చెంగమ్మ ఆగనివ్వదు.

వచ్చే గురువారమే బిడ్డకు అన్నం ముట్టించే రోజు. దేవుడి ముందు పెట్టిన బియ్యం పిడికెడు మూటకట్టి ఉంచాను. అక్క ఇచ్చిన మాట ప్రకారం ఆ తల్లి తన చేత్తో పెట్టాలి. పెడుతుందో లేదో నాకు తెలియదు. పెట్టే చేయి వణుకుతుందని మాత్రం తెలుసు. నా చేయీ వణుకుతుంది.

అక్కను ఎట్లా స్మరించుకోవాలని నన్ను అడుగుతున్న వాళ్ళకు ఇదే నా విన్నపం. అక్క పేరు చెప్పుకొనే వాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఆమెకు ప్రార్థనల కొదవ లేదు. ఆ గురువారం పొద్దున మీరు నమాజుకు కూర్చున్నా, దీపం పెట్టినా, పొలానికి పోతూ ఊరికే ఒకసారి సూర్యుడి వైపు చూసినా, కుప్పం దగ్గర తన చేతులకే భయపడుతున్న ఆ తల్లిని తలచుకోండి. ఆమె పేరు మీకు తెలియనక్కరలేదు.